ఆవకాయ నూనె

మంగతాయారు రెండు కిలోల నువ్వుల నూనె కొన్న మరుక్షణమే, పందేల మార్కెట్లో ఆ రోజు కబడ్డీ మ్యాచ్ ఫస్టాఫ్‌లో నలభై పాయింట్లొస్తాయన్న అంచనా ధర ఢమాలున పడింది. ఎవరేం కొన్నా మార్కెట్‌కి తెలిసిపోయే రోజులు. కబడ్డీ ఆడే కూతురి మోకాలికి మర్దనా కోసమేనని లక్షలమంది తమ పందేలు అమ్మేసుకున్నారు.

"నా మోకాలు బాగానే ఉంది సార్!" టీవీలో ఆ కూతురు భ్రమర మొత్తుకుంటోంది.

"ధర అలా చెప్పట్లేదమ్మా," అని కోచ్ బెంచీ మీద కూర్చోబెట్టాడు.

"మీ దుంపతెగ! అది ఆవకాయకిరా!" తాయారు జాడీని వీధి కెమెరా కిందికి లాక్కొచ్చి, ముక్కల మీద నూనంతా గుమ్మరించి కలిపింది.

ధర లేచింది. భ్రమరా లేచింది. ఒక్క కూతలో నలుగురిని ఔట్ చేసొచ్చి కెమెరాకేసి అరిచింది:

"అమ్మా, మొదటి ముద్ద నాకే!"