లెవెల్ కోసం నాలుగు మాటలు

ధాన్యం బస్తా మీద ఆరబెట్టిన మైకు తొడుగు, టిఫిన్ చేసి వచ్చేసరికి మాయమైంది.

సౌండ్ రికార్డిస్టు హిమబిందు బస్తా వెనక చూసింది, కింద చూసింది, బస్తానే జరపబోయి జరపలేక ఊరుకుంది. తర్వాత డైరెక్టర్ విష్ణువర్ధన్ దగ్గరికి వెళ్లి సంగతి చెప్పింది.

"పోయిందంటే?" అన్నాడతను.

"పోయిందంటే లేదు సార్. నిన్న నగరం ఊరి పొలాల్లో మంచుకి తడిసిందిగా. శుభ్రంగా దువ్వి, ఎండలో పెట్టి ఇడ్లీకి వెళ్లాను. అంతే."

"అది లేకుండా బయట తీయలేమా?"

"తీయొచ్చు. ఈ గాలికి జగన్నాథరావుగారి మాటలు వినపడవు. తుఫాను వినపడుతుంది."

విష్ణువర్ధన్ వాచీ చూసుకున్నాడు. రేపల్లెలోని జగన్నాథరావుగారి రైసుమిల్లు మీద పది నిమిషాల వీడియో. సాయంత్రం ఆరింటికి బాపట్లలో మిల్లర్ల సభలో వేయాలి. మిగిలింది ఆయన ఇంటర్వ్యూ ఒక్కటే.

ఆ జగన్నాథరావుగారే తెల్ల పంచె ఎగదోపుకుంటూ వచ్చాడు. "ఏంటమ్మాయ్, ఏదో పోయిందంట?"

"చిన్నదేలెండి సార్," అన్నాడు విష్ణువర్ధన్. "ఇంటర్వ్యూలో మాత్రం కళ్లజోడు వద్దండి. లైటు మెరుస్తుంది."

"నాకు కళ్లజోడేంటయ్యా! డాక్టరు రాసిచ్చాడు గానీ నేను చేయించుకోలా. గింజ వేళ్ల మధ్య నలిపి రకం చెప్పేస్తా. ముప్పై ఏళ్లుగా ఈ మిల్లులో ఒక్క వస్తువు పోలా. మనిషి తీసినా నాకు తెలుస్తుంది, ఎలక తీసినా తెలుస్తుంది. నీ పెట్టెలు లోపలికి మోసిందెవరమ్మాయ్?"

"లాజరుగారండి."

"గారంట! ఒరేయ్ లాజరూ, ఇట్రా!"

యాభై ఏళ్ల హమాలీ, మోస్తున్న బస్తా దించి, తలగుడ్డతో మెడ తుడుచుకుంటూ వచ్చాడు.

"ఈ అమ్మాయి సామాను ఏం చేశావురా?"

"ఏ సామానండి?"

"మైకు మీద వేసే బొచ్చు తొడుగు," అంది హిమబిందు. "మీరు తీశారని నేననలేదండి..."

"ఆ బూడిదరంగుదా అమ్మా? దాంతో నేనేం చేసుకుంటాను? తలకి కూడా పట్టదు."

జగన్నాథరావు విష్ణువర్ధన్ వైపు తిరిగాడు. "విన్నావా? సైజు కూడా చూసుకున్నాడు!"

లాజరు చేత క్యారేజీ సంచి విప్పించాడు. మొదటి గిన్నెలో అన్నం, రెండోదాంట్లో గోంగూర పచ్చడి, మూడోదాంట్లో ఏమీ లేదు. జగన్నాథరావు ఆ ఖాళీ గిన్నెనే కళ్ల దగ్గరగా పెట్టుకుని ఎక్కువసేపు చూశాడు.

"ఇరవై రెండేళ్లుగా మోస్తున్నానండి," అన్నాడు లాజరు. "ఒక్క గింజ ముట్టుకోలేదు."

"గింజలు పోతే గింజలని చెప్పేవాణ్ణి. పోయింది తొడుగు. పన్నెండింటిలోగా అది నా టేబుల్ మీదుండాలి. లేదంటే రేపట్నుంచి గేటు దాటి లోపలికి రావద్దు."

"పోతే పోయిందండి," అంది హిమబిందు కంగారుగా. "తెనాలి వెళ్లాక ఇంకోటి తెప్పించుకుంటాను. ఆయన్నేమీ అనకండి."

"తొడుగు నీది, పరువు నాది. నువ్వు మాట్లాడకమ్మాయ్."

తను నోరు మూసుకుని ఉంటే తొడుగుతో పోయేదనుకుంది హిమబిందు. ఇప్పుడొక మనిషి పని పోతోంది.

అందరూ వెతికారు. అందరికంటే ఎక్కువగా లాజరు వెతికాడు. బస్తాల సందుల్లోకి దూరి, తవుడు కొట్టుకుని, తెల్లగా బయటికొచ్చాడు. వట్టి చేతులతోనే వచ్చాడు.

పదకొండున్నరైంది. ఇక లాభం లేదని, ఇంటర్వ్యూ ఆఫీసు గదిలోకి మార్చారు. కిటికీలు మూశారు, ఫ్యాను ఆపారు. హిమబిందు బఠాణీ గింజంత కాలర్ మైకు తీసి జగన్నాథరావు చొక్కాకి తగిలించింది.

"ఆ లాజరుగాణ్ణి గుమ్మంలో నిలబెట్టండి," అన్నాడాయన కుర్చీలో సర్దుకుంటూ. "పన్నెండయ్యేదాకా నా కళ్ల ముందే ఉండాలి."

లాజరు క్యారేజీ సంచి పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. గోడ గడియారం చూడకుండా ఉండటానికి నేల చూస్తున్నాడు.

హిమబిందు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని రికార్డరు బటన్ నొక్కింది.

"ఇంటర్వ్యూ ఇంకా మొదలవలేదు సార్. లెవెల్ చూసుకోవాలి, అంటే మీ గొంతు ఎంత పెద్దదో నాకు తెలియాలి. ఏదైనా నాలుగు మాటలు మాట్లాడండి."

"ఏం మాట్లాడమంటావు?"

ఆమె అందరినీ అడిగేదే ఆయన్నీ అడిగింది. "పొద్దున లేచిన దగ్గర్నుంచి ఏం చేశారో చెప్పండి." ఎవరైనా కాఫీతో మొదలుపెడతారు. టిఫిన్ దాకా వచ్చేసరికి లెవెల్ కుదిరిపోతుంది.

"ఐదింటికి లేచా. కాఫీ తాగా. ఏడింటికి మిల్లుకొచ్చా."

"ఇంకొంచెం గట్టిగా సార్."

జగన్నాథరావు గొంతు సవరించుకున్నాడు. రికార్డరులో గీతలు పైకి లేచాయి.

"ఎనిమిదింటికి మీరంతా టిఫినుకి పోయారు. నేనటు తిరుగుతూ చూద్దును గదా, ధాన్యం బస్తా మీద ఇంత లావు పందికొక్కు, ఎండకి వెచ్చగా పడుకునుంది! పార తీసుకుని ఒకటే దెబ్బ. కుయ్యిమనలా! నా చేత్తో నేనే ఊకగుట్టలో పాతిపెట్టా. ఒక్కటే అర్థం కాలేదమ్మాయ్, ఎంత వెతికినా దానికి తోక దొరకలా!"