తాత్సారం

బంతి ఇంకా తిరిగి రాలేదు.

బేస్‌బాల్‌లో బంతి విసిరే పిచర్ తలెత్తి చూశాడు. అవతల క్యాచర్ గొంతుక్కూర్చుని తాపీగా బూటు లేసు కట్టుకుంటున్నాడు.

"ఏంటయ్యా, ఇప్పుడేగా కట్టావు!"

"ఊడిపోయింది బాబూ. ఈలోగా ఆ కంచెకి కట్టిన రబ్బరు పట్టీ లాగుతూ ఉండు. భుజం గట్టిపడుతుంది."

లేసు కాకపోతే మాస్కు. మాస్కు కాకపోతే మంచినీళ్లు.

నడివయసు మనిషి. పిచర్లు సాధన చేసేటప్పుడు బంతులు పట్టడమే ఆయన ఉద్యోగం. జట్టంతా 'నత్త' అనేవాళ్లు. పిలిస్తే పలికేవాడు కూడా.

ఆదివారం పెద్ద జట్టుకి ఎంపిక. ఒక్క పిచర్‌నే తీసుకుంటారు.

నెల్లాళ్లుగా పిచర్ మోచెయ్యి సలుపుతోంది. కాపడం పెట్టే అమ్మకి తప్ప ఎవరికీ చెప్పలేదు. కోచ్‌కి చెబితే, "నొప్పికి భయపడేవాడు ఇంట్లో పడుకోవాలి" అంటాడు.

"ఇవాళ్టికి చాలించు బాబూ. విసిరేటప్పుడు మోచెయ్యి కిందికి జారుతోంది" అన్నాడు నత్త.

"నా చెయ్యి సంగతి నీకెందుకు? నువ్వు పట్టు, చాలు."

"పట్టలేను. అరచెయ్యి వాచింది." గ్లవ్ తీసేశాడు.

పిచర్‌కి ఒళ్లు మండింది. తిన్నగా కోచ్ గదికి వెళ్లాడు.

"సార్, ఆయనతో నా వల్ల కాదు. నాలుగు బంతులు వేస్తే పావుగంట తాత్సారం. ఆదివారం నేను ఎంపిక కాకపోతే ఎవరిది పూచీ?"

కోచ్ కిటికీలోంచి మైదానం కేసి చూశాడు.

"సరే. రేపట్నుంచి రానక్కర్లేదని చెబుతా."

కొత్త క్యాచర్ నిప్పురవ్వ. బంతి అందిందో లేదో వెనక్కి వచ్చేసేది.

"అదిరింది అన్నా! ఇంకోటి!"

పిచర్‌కి ప్రాణం లేచొచ్చింది. రబ్బరు పట్టీ కంచెకి వేలాడుతూ ఉండిపోయింది.

శుక్రవారం సాయంత్రం మోచేతిలో గుడ్డ చిరిగినట్టు చప్పుడైంది. బంతి ఎటో పోయింది. వేళ్లు ముడుచుకోలేదు.

"లిగమెంట్ పూర్తిగా తెగింది" అన్నాడు డాక్టర్. "ఆపరేషన్ చేస్తే రాసుకోగలవు, సంచి మోసుకోగలవు. బంతి సంగతి మర్చిపో. ఇది చాన్నాళ్లుగా పోగుపోగుగా తెగుతోంది. ఇంతకాలం నిలవడమే వింత. మధ్యమధ్య బాగా ఆపుతుండేవాడివా?"

"లేదు డాక్టర్‌గారూ, నేనెప్పుడూ..."

నత్త బూటు లేసు, మంచినీళ్లు గుర్తొచ్చాయి.

డాక్టర్ వెళ్లాక, మంచం పక్కన కూర్చున్న కోచ్ వైపు తిరిగాడు.

"నత్తని పిలిపించండి సార్."

"ఫోన్ ఎత్తట్లేదు."

"ఆయన కావాలనే ఆపేవాడని మీకు తెలుసా?"

"తెలుసు."

"మరి నేనడగ్గానే ఎందుకు తీసేశారు?"

"నువ్వు గెలిస్తే, నా పద్ధతే సరైందని వాడికి చూపిద్దామనుకున్నా."

"ఆయనకి చూపించడమేంటి సార్?"

కోచ్ పిచర్ చేతి కట్టు వైపు చూడలేక తల వంచుకున్నాడు.

"నా శిక్షణలో మొట్టమొదట చెయ్యి పోగొట్టుకున్న పిచర్ వాడేరా... నా సొంత తమ్ముడు."