శ్యామలాంబ గిన్నె

ఆ నవల శ్యామలాంబకి ఇచ్చి తప్పు చేశానా అని ఏడేళ్లుగా నాకు అనుమానం. అందులో ప్రభువు మళ్లీ వచ్చి నమ్మినవాళ్లను పరలోకానికి తీసుకుపోతాడు. నమ్మని పక్కింటివాళ్లు భూమ్మీదే మిగిలిపోతారు. అప్పట్లో యూనివర్సిటీ క్వార్టర్స్‌లో మా పక్కిల్లు ఆమెదే.

చదివి ఆమె ఏమీ అనలేదు. శ్రీరామనవమికి గిన్నెడు పులిహోర పంపింది. నా దేవుడి పుస్తకానికి తన దేవుడి ప్రసాదం, అదే ఆమె జవాబనుకున్నాను. క్రైస్తవులం, ప్రసాదం మేం తినం, ఆవుకి పెట్టేశాను. ఉత్త గిన్నె తిరిగి ఇవ్వలేక దాచాను. మేం తార్నాకకి మారాక ఆమెని కలవనేలేదు.

నిన్న ఆమె భర్త ఉమాపతిగారు ఆ నవల తెచ్చారు.

"శ్యామల పోయి నెలైంది, రూతమ్మగారూ. ఇది మీకు ఇచ్చెయ్యమంది."

"ఇది చదివి ఆవిడకి కోపం వచ్చిందాండీ?"

"కోపమా! రెండ్రోజులు ఏడ్చింది. 'మనం మిగిలిపోతే రూతమ్మ పైన సుఖంగా ఉండలేదండీ' అని."

ఉండగలనా అని నేనెప్పుడూ అనుకోలేదు.

"పులిహోర ఎలా ఉందో మీరు చెప్పనేలేదనేది. మీరు ప్రసాదం తినరని, దేవుడికి పెట్టకముందే మీకు తీసింది. మా అమ్మచేత తిట్లు కూడా తింది."

లోపలికెళ్లి ఆ గిన్నె తీశాను. పొయ్యి మీదున్న అన్నంలో పప్పు కలిపి అందులో పెట్టాను.

"మా ఇంటి అన్నం తింటారా, అన్నయ్యగారూ?"

ఆయన గడప దగ్గరే కూర్చుని తిన్నారు. గిన్నె తనే కడుక్కుని పట్టుకెళ్లారు.