జమున కంటే పైన

"జమున ఎవలు?"

నర్సింగం చేతిలోని పెన్ను ఆగిపోయింది. తలెత్తి భార్య వైపు చూశాడు. రమ నడుము మీద చెయ్యి పెట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

బల్ల మీద చావు కాగితాలు పరిచి ఉన్నాయి. మారిషస్‌లో స్థిరపడిన భూపాల్ పంపాడు. ఒకప్పుడు ఇద్దరూ ఒకే గనిలో, ఒకే షిఫ్టులో దిగినవాళ్లు. 'ఈ వయసుల పరాయి దేశం వస్తున్నరు. దహనం ఏడ, ఎవలు ఏం చెయ్యాలె, అన్నీ ముందే రాసి పెట్టుకోర్రి. ఈడ మన తెలుగు సంఘపోళ్లు చూసుకుంటరు' అని ఫోన్‌లో చెప్పాడు. అంతా ఇంగ్లీషు. రమకు ఇంగ్లీషులో తన పేరు తప్ప ఇంకేమీ రాదు.

"భూపాల్ వాళ్ల సంఘంల ఉంటది," అన్నాడు నర్సింగం.

"ఉంటే? రోజూ ఫోన్ చెయ్యాల్నా? నేను రాంగనే వాకిట్లకు ఎందుకు పోతవు?"

"లోపట సిగ్నల్ ఉండదు."

"నన్ను చూస్తెనే పోతదా సిగ్నల్?"

నర్సింగం నవ్వబోయాడు. దగ్గు వచ్చింది. కోపంలో ఉండి కూడా రమ లోపలికి వెళ్లి గోరువెచ్చటి నీళ్లు తెచ్చి బల్ల మీద ఠక్కున పెట్టింది.

ముప్పై ఆరేళ్ల గని పని ఇచ్చిన దగ్గు అది. మొన్న చలికాలం కరీంనగర్‌లో ఇద్దరూ పరీక్షలు చేయించుకున్నారు. రిపోర్టులకు నర్సింగం ఒక్కడే వెళ్లాడు. తిరిగొచ్చిన రోజే అన్నాడు, సముద్రపు గాలి మంచిదట, భూపాల్ దగ్గరికి పోదామని. పెళ్లయిన కొత్తలో పూరీలో సముద్రం చూసినప్పటి నుంచి, ఒడ్డున ఓ ఇల్లుంటే ఎంత బాగుండునో అని రమ అంటూనే ఉంది. అన్నేళ్లు వినని మనిషి, డాక్టర్ చెప్పగానే విన్నాడు.

ఆ సంబరం జమున ఫోన్లు మొదలయ్యేదాకానే.

"మొగడు పరదేశపుదానితోని గుసగుసలు పెడుతుంటే, నువ్వు కూసోని మామిడికాయ తొక్కులు పెడుతున్నవా అక్కా!" అంది నిన్న పక్కింటి మల్లక్క. రమ నవ్వేసింది గానీ ఆ మాట చెవిలోంచి పోలేదు. పొద్దున నర్సింగం పాలకు వెళ్లగానే అతని పెట్టె తెరిచింది.

ఎర్ర అంచు పట్టుచీర. ఆకుపచ్చ గాజులు. పసుపు, కుంకుమ పొట్లాలు. పైన నర్సింగం చేతిరాతతో చీటీ. 'జమునకు ఇవ్వాలి.'

ఉక్రోషం కొద్దీ ఒక గాజు తొడిగి చూసింది రమ. ఈ ఏడాది తన గాజులన్నీ వదులై మోచేతి దాకా జారుతున్నాయి. మొగుడి దగ్గు ఫికర్‌తో అన్నం సయించడం లేదు మరి. ఈ గాజు మాత్రం కొలిచి చేసినట్టు సరిపోయింది.

అంటే ఆ జమున కూడా సన్నగానే ఉంటుందన్నమాట.

"చీర ఎవలికి?" అంది ఇప్పుడు.

నర్సింగం ఆమె చేతికున్న గాజు చూశాడు. కాసేపు చూస్తూనే ఉన్నాడు. "జమునకు ఇయ్యాలె," అన్నాడు.

"చీరా గాజులా, పసుపుకుంకుమలా! ఏం, నాకు ఆడిబిడ్డనా ఆమె, పెట్టుపోతలు పెట్టనీకి? ఈ కాగితాల గూడ ఉన్నదా? ఏం రాసినవ్? సదువు."

"ఎందుకే ఇప్పుడు..."

"సదువుతవా, మల్లక్క బిడ్డను పిలువాల్నా?"

నర్సింగం గొంతు సవరించుకున్నాడు. "స్నానం చేయించి, కొత్త బట్టలు కట్టేవారు... జమున."

రమ ముఖం కందిపోయింది.

"మొగమనిషికి పరాయి ఆడిది తానం చేపిస్తదా? ఏడనన్న ఉంటదా గిట్ల?"

నర్సింగం కాగితం అంచు మడత పడితే వేలితో నిమిరి సరిచేశాడు.

"ఇన్నేండ్లు నీ వీపు మీది బొగ్గు మసి రుద్దింది ఎవలు? ఏ దెబ్బ ఏడ తాకిందో, ఏ మచ్చ ఏడున్నదో ఎవలకెరుక? ఆఖరి తానానికి ఆమె వస్తదా? కొట్టెయ్. నా పేరు రాయి."

"నీ పేరు ముందే రాసిన."

"ఏడ?"

నర్సింగం కాగితాన్ని ఆమె వైపు తిప్పి, అన్నిటికంటే పై గడి మీద వేలు పెట్టాడు. రమ అతని కళ్లద్దాలు తీసి తను పెట్టుకుంది. ఒక్కో అక్షరం కూడబలుక్కుంది. ఆర్, ఏ, ఎం, ఏ.

"మరి ఆమెదేది?"

వేలు కిందికి, ఇంకా కిందికి జరిగి చివరి వరుసలో ఆగింది.

"ఆమెకంటే పైన్నే రాసినవా?"

"అందరికంటే పైన."

రమ పెదవుల చివర్న నవ్వు ఆగలేదు. అది కనబడకుండా కళ్లద్దాలు తీసి అతని జేబులో కుక్కింది.

"ఆ ముక్క ముందుగాలనే చెప్తే ఏంబోయింది? సరే, ఉండనియ్ ఆమెను గూడ. నిన్ను లేపాలంటే నా ఒక్కదానితోని కాదు, సాయం ఉంటది. చీర గూడ ఇచ్చుకో పో."

"చాయ్ పెడతవా?" అన్నాడు నర్సింగం మెల్లగా.

"పెడత. అల్లం దంచి పెడత."

తీయడం మరిచిపోయిన కొత్త గాజు గలగలమంటుండగా రమ వంటింట్లోకి వెళ్లింది.

ఆమె పేరున్న గడి పక్కన, ఇంగ్లీషు అచ్చక్షరాల్లో, 'మరణించినవారి పేరు' అని ఉంది.