రంగులు తిప్పిన తోపు

తమ్ముడి బైకు గేటులోకి వచ్చేలోపే నాగరాజన్ కూతురి పక్కకు వంగాడు. "నిత్యా, తోపు బొమ్మలో రంగులు తిప్పేసేయి. నీలం ఉండే తావున ఎరుపు, ఎరుపు ఉండే తావున నీలం."

నిత్య ల్యాప్‌టాప్ మీంచి తలెత్తి నవ్వింది. "నేనూ అదే అనుకుంటి నాయనా."

సగం బేరం ముగిసినట్టే అనిపించింది నాగరాజన్‌కి. పొల్లాచ్చి సంతలో కొబ్బరికాయను తట్టి లోపలి నీళ్లెన్నో చెప్పే వ్యాపారి అతను. కూతురు మాత్రం తక్కువదా?

కినత్తుకడవులోని కొబ్బరితోపును అన్నదమ్ములు ఇవాళే పంచుకోవాలి. పెద్దవాడు గీత గీస్తాడు, చిన్నవాడు ముందు కోరుకుంటాడు; అది ఇంటి ఆనవాయితీ. బోర్లు ఎండి చెట్లు మట్టలు వాల్చిన ఈ ఏడు, కింద నీళ్లున్న భాగమే భాగం. పొద్దున నిత్య బొమ్మలో నాగరాజన్ చూడనే చూశాడు: తూర్పు సగం కింద నిండు నీలం, పడమటి సగం కింద నిప్పులాంటి ఎరుపు. ఇక అడిగేదేముంది?

తమ్ముడు రత్నసభాపతి వచ్చి తెర ముందు కూర్చున్నాడు. "నేల లోపలికి పోయి ఎవరు చూసొస్తిరి పాపా?"

"చూడలేదు చిన్నాయనా, లెక్క కట్టినాము. వానలు, బండలు, బోర్లు అన్నీ సూపర్‌కంప్యూటర్‌కి ఇస్తే అది కొండంత అంకెలు పోస్తుంది. వాటిని కంటికి కనపడేట్టు చేసేదే నా పని."

ఆమె వేలు కదిపింది. తెర మీద తోపు గాజుముక్కలా తిరిగింది. బండ పొరలు విడిపోయాయి. పగుళ్ల వెంట రంగులు పాకి, పడమటి సగం నీలంతో నిండింది. రత్నసభాపతి కుర్చీ అంచుకు జరిగాడు. "మన కాళ్ల కింద ఇంత కథ నడుస్తుండాదా?"

"ఏం తంబి, ఏది కావాల?" నాగరాజన్ ఆవులించాడు. సరుకు మీద ఆశ ఉన్నప్పుడల్లా అతనికి ఆవులింత వస్తుంది.

"పడమర, అన్నా. తప్పుగా అనుకోవద్దు."

"అనుకునేదేముంది, నీది నీకు."

ఇద్దరూ తాంబూలం మార్చుకున్నారు. ఇక మాట తిరగదు. తమ్ముడి బైకు మలుపు తిరగ్గానే నాగరాజన్ బోరుబండికి ఫోన్ చేసి తూర్పుకు రమ్మన్నాడు. ఉత్సాహంగా కూతురి భుజం తట్టాడు. "భలే తిప్పితివి పాపా."

"మీరు చెప్పబట్టే నాయనా," అంది నిత్య తృప్తిగా. "మా బొమ్మల్లో నీళ్లు ఎక్కువుంటే ఎరుపు, లేకుంటే నీలం. అట్లే చూపించుంటే చిన్నాయన నీలమే నీళ్లనుకొని, ఎండిన తూర్పు తీసుకొని మోసపోయుండును."