ఎంగిలి గొట్టం

“ఈ మందు కూడా పని చెయ్యలేదా? మరి మీ చదువంతా దేనికి డాక్టరుగారూ?” అన్నాను. మంచం మీద నాలుగేళ్ళ నా కొడుకు బెనీసియో ఆక్సిజన్ పెట్టినా ఎగశ్వాస తీస్తున్నాడు.

“ఎక్స్‌రేలో ఒక పక్కంతా తెల్లబడింది. రక్తంలో తెల్లకణాలు పెరిగాయి. బాక్టీరియానే అనుకున్నాం” అన్నాడు డాక్టర్ రోలోన్.

“అనుకున్నారట! వీడు పోయాక ఇంకేమనుకుంటారు?”

మూలన మా అత్త యులోహియా తన సొంత గొట్టంతో మాతే అనే ఆకు కషాయం పీలుస్తోంది. మా కొరియెంతెస్‌లో దాన్ని ఇంటిల్లిపాదీ ఒకే గొట్టంతో తాగుతాం. ఈ మహారాణికి మాత్రం ఈమధ్య నా ఎంగిలి రోత.

“మీ కళ్ళెందుకమ్మా అంత ఎర్రగా ఉన్నాయి?” అన్నాడు డాక్టర్.

“బిడ్డ చావుబతుకుల్లో ఉంటే ఏడవనా?”

“ఏడుపు కాదు” అంది అత్త. “వీడికి జ్వరం రాకముందే దీని కళ్ళు పుసులు కట్టాయి. అందుకే దీని గొట్టం ముట్టలేదు.”

“మరి నాకెందుకు చెప్పలేదు?”

“చెబితే వినే మొహమేనా నీది?”

డాక్టర్ నా వైపు తిరిగాడు. “పిల్లాడు ఆ గొట్టంతో తాగాడా?”

“రోజూ. పాలు కలిపి నేనే పట్టాను.”

“కళ్ళకలకనీ, ఇలాంటి నిమోనియానీ కూడా తెచ్చే వైరస్ ఒకటుంది. అదే అయితే ఈ మందులకి లొంగదు. గొంతులోంచి నమూనా తీసి పరీక్షకి పంపుతాను.”

“అదే అయితే బతుకుతాడా?”

“ఊపిరి ఆడేలా మేం చూస్తాం. తట్టుకోవాల్సింది వాడే.”

బెనీసియో కళ్ళు తెరిచాడు. ముద్దు పెట్టబోయి సగంలో ఆగిపోయాను.

“అత్తయ్యా, మీరు పెట్టండి” అన్నాను.