రాసిపెట్టిన సీటు

నెట్‌లో మా తిరుపతి గుంపుకు ఒకటే పని. ఊళ్లో యాడ పిల్లరు లేచినా ఫోటో పెట్టేది, ఎన్ని అంతస్తులని కొట్లాడుకునేది. వాళ్లందరిలో నాకు కుళ్లంతా "కిటికీసీటు" అనే పేరుతో రాసే మనిషి మీదే. రోజూ వడమాలపేట నుంచి బస్సులో వస్తా, కడతా ఉండే కొత్త వంతెనను ముందు కిటికీలోంచి తీసి పెడతాడు.

"మేం రోజూ ఫుట్‌బోర్డు మీద వేలాడతా వస్తాం. నీకు ముందు సీటే ఎట్లా దొరుకుతాదప్పా?" అని ఒకసారి అడిగినాను.

"అది నాకే రాసిపెట్టుండాది," అని జవాబొచ్చింది.

ఆదివారం ఆ వంతెన కిందే అందరం కలవాలనుకున్నాం. ఏడుగురం చేరినాం. కిటికీసీటు కోసం గంట చూసినాం. వచ్చే జాడ లేదు. అంతలో ఒకామె మా వైపు వస్తా కనిపించింది. ఆమె నోరు తెరిచేలోపే చేతిలో కెమెరా పెట్టి, "అక్కా, మాకొక ఫోటో తీయండి," అన్నాను.

ఆమె నవ్వి, "కొంచెం ఎడమకు జరగండి. వంతెన పడాల," అనింది.

సాయంత్రం ఆ ఫోటో పెట్టి, "కిటికీసీటూ, యాడ పోయినావప్పా? నువ్వొక్కడివే రాలేదు," అని రాసినాను.

"నేను రాకుంటే మీరు ఏడుగురూ ఒక్క ఫోటోలో ఎట్లా పడినారప్పా?"

ఆ జవాబు కింద ఇంకో ఫోటో ఉండాది. ఈసారి అందులో వంతెన లేదు. బస్సు కిటికీ పైన ఎర్రరంగుతో రాసిపెట్టిన ఒక్క మాటే: "స్త్రీలకు".